జాడీలో రాయి

శనివారం ఉదయం ఆరున్నరకి సాంగ్‌బే చేయాల్సిన పనులు మూడే. జాడీలోంచి రాయి తీయాలి. దాన్ని సంచిలో పెట్టాలి. భార్య ఇన్‌సుక్ తిరిగొచ్చేలోగా ఇల్లు వదలాలి. మూడూ కలిపి పావుగంట పని. నిజానికి అది ముప్పై తొమ్మిదేళ్ళ కిందటే అయిపోవాల్సిన పని.

ఇన్‌సుక్ తెల్లారకముందే చెల్లెలి నారింజ తోటకి వెళ్ళింది. వంటింటి వెనక నీడలో మోకాలెత్తు మట్టి జాడీ ఉంది. అతను మూత తీసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఉప్పూ కారం పట్టించి ఊరబెట్టిన ముల్లంగి కిమ్చీలో మోచేతి దాకా ముంచాడు. ముక్కలు పైకి తేలకుండా అణిచిపెట్టే రాయి చేతికి తగిలింది. చిన్న గుమ్మడికాయంత ఉంటుంది. నల్లగా, తేనెపట్టులా ఒళ్ళంతా చిల్లులు. ఒక పక్క బల్లపరుపు. రెండో పక్క అరచేయి పట్టేంత గుంట.

మూడుసార్లు సబ్బుతో రుద్ది కడిగాడు. నాలుగోసారి బట్టల సబ్బు వాడాడు. అగ్నిపర్వతం కక్కిన రాయికి ఎన్ని చిల్లులుంటాయో అన్ని చిల్లుల్లోనూ ముప్పై తొమ్మిదేళ్ళ వెల్లుల్లి పేరుకుని ఉంది. వాసన పోలేదు. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, వీపు సంచిలో పెట్టాడు. రాయి లేని జాడీలో ముల్లంగి ముక్కలు అప్పుడే పైకి తొంగిచూస్తున్నాయి. రెండు లీటరు సీసాలు మంచినీళ్ళతో నింపి వాటి మీద పెట్టి, గబగబా మూత వేసేశాడు. నలభై ఏళ్ళు టైర్ల షాపు నడిపినవాడు. బరువు గురించి తనకి ఎవరూ చెప్పక్కర్లేదనుకున్నాడు.

తొమ్మిది గంటల పడవకి ముగ్గురు స్నేహితులూ బియాంగ్‌దో దీవికి వెళ్తున్నారు. హల్లిమ్ రేవు నుంచి పదిహేను నిమిషాల ప్రయాణం. ఆ పదిహేను నిమిషాల పడవ ఎక్కకుండా ఉండడానికి సాంగ్‌బే ముప్పై తొమ్మిదేళ్ళుగా సాకులు చెబుతూ వచ్చాడు. మోకాలు, కడుపులో తిప్పడం, షాపులో పని, గాలి. కానీ పోయిన వారం ముగ్గురిలో ఒకడైన చాంగ్‌హ్యో ఒక మాట చెప్పాడు. దీవి ఒడ్డున ఉన్న పాత నెగడు గోడకి సోమవారం సిమెంటు పూస్తున్నారట. కూలిపోకుండా రాళ్ళ మధ్య ఖాళీలన్నీ పూడ్చేస్తారట. ఆఖరిసారి చూసొద్దాం రమ్మన్నాడు. సాంగ్‌బే వెంటనే సరే అనేసరికి మిగతా ఇద్దరూ అతని ముఖంలోకి చూశారు.

అతని ఆలోచన చాలా తేలిక. అందరూ కొండ ఎక్కుతుంటే తను మోకాలు పట్టుకుని కింద ఆగిపోతాడు. నెగడు దగ్గరికి వెళ్ళి, గోడలో తను చేసిన ఖాళీలో రాయి పెట్టేస్తాడు. సోమవారం దాని మీద సిమెంటు పడుతుంది. ఎవరికీ తెలియకుండా చేసిన తప్పుని ఎవరికీ తెలియకుండానే దిద్దుకోవచ్చని అతని నమ్మకం.

ఆ తప్పు జరిగిన రోజుకి అతనికి పాతికేళ్ళు. ఇన్‌సుక్‌ని పెళ్ళి చేసుకోవాలని తిరుగుతున్నాడు. ఇన్‌సుక్ తండ్రికి రాళ్ళ పిచ్చి. ఆ రోజుల్లో ఏ ఇంటికెళ్ళినా మగవాళ్ళు వింత రాళ్ళని చెక్కపీటల మీద నిలబెట్టి, టీ తాగుతూ గంటలకొద్దీ చూసేవారు. కాబోయే మామకి ఒక మంచి రాయి కావాలి. చాంగ్‌హ్యో సొంత ఊరు చూడ్డానికని దీవికి వెళ్ళిన సాంగ్‌బేకి నెగడు గోడలో ఈ గుంట రాయి కనిపించింది. సముద్రంలో మునిగి నత్తలూ శంఖాలూ ఏరే ఆడవాళ్ళు బయటికొచ్చి, ఆ గుండ్రటి గోడ మధ్య మంట వేసుకుని ఒళ్ళు కాచుకుంటారు. మాపు వేళ అక్కడ ఎవరూ లేరు. రాయి ఊడొచ్చింది. సంచిలోకి వెళ్ళింది.

పడవ దగ్గరికి వెళ్తుంటే చాంగ్‌హ్యో, ఇంటికొచ్చిన స్నేహితుడు బరువు మోయకూడదని, ఆ సంచి లాక్కుని తన భుజాన వేసుకున్నాడు. లోపల ఏముందని అడగలేదు. దారిలో ముగ్గురు ఆడవాళ్ళు చూశారు. మర్నాడు గోడలో ఖాళీ కనిపించింది. చాంగ్‌హ్యో రాయిని పట్నంలో అమ్ముకున్నాడన్న మాట సాయంత్రానికల్లా దీవి చుట్టూ తిరిగొచ్చింది. అతని తల్లి ఆ దీవిలోకెల్లా లోతుకి మునిగే మనిషి. నెగడు దగ్గర పొగ తగలని మంచి చోటు ఆవిడది. ఎవరూ ఏమీ అనకముందే ఆవిడ ఆ చోటు వదిలేసి, గోడలో ఖాళీకి వీపు ఆనించి, గాలి కొట్టే చోట కూర్చుంది. చలికాలమంతా అక్కడే. అదే నెలలో చాంగ్‌హ్యో ఊరు వదిలి హల్లిమ్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే షాపులో చేరాడు.

ఇదంతా సాంగ్‌బేకి మూడో స్నేహితుడు దొక్‌గిల్ నోటి వెంట తెలిసింది. అప్పుడే చెప్పేయాల్సింది. ముందు పెళ్ళి కానీ అనుకున్నాడు. తీరా మామగారు రాయిని నాలుగు వైపులా తిప్పి చూసి, ఇందులో చూడ్డానికి ఏమీ లేదు, కిమ్చీ మీదకి పనికొస్తుందన్నాడు. పెళ్ళికూతురితో పాటు అది జాడీలో కూర్చుని సాంగ్‌బే ఇంటికి తిరిగొచ్చింది.

రేవులో దొక్‌గిల్ అందరికన్నా ముందొచ్చి నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో సైన్సు చెప్పి రిటైరైనవాడు. ముగ్గురూ ఒకే క్లాసులో చదువుకున్నా, మిగతా ఇద్దరికన్నా మూడు నెలలు ముందు పుట్టాడు కాబట్టి అన్నయ్య మర్యాదలు జరగాలంటాడు. ఎవరూ జరపరు. అతని చేతిలో, సముద్రపు నాచులో అన్నం చుట్టిన ఆరు కింబాప్ చుట్టలున్న అట్టపెట్టె ఉంది. ముగ్గురికీ మధ్యాహ్నం అన్నం అదే.

సాంగ్‌బే దగ్గరికి రాగానే అతని ముక్కుపుటాలు కదిలాయి.

"సంచిలో ఏంట్రా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇన్‌సుక్ కిమ్చీ వాసన ఎలా వస్తోంది?"

సాంగ్‌బే ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆ వాసనే," అన్నాడు. అబద్ధం కాదు.

దొక్‌గిల్ సంచి కింద చెయ్యి పెట్టి ఎత్తి చూశాడు. అయిదు కిలోలకి తగ్గదని తేల్చాడు. ఒట్టి కిమ్చీకి ఇంత బరువుండదు కాబట్టి ఉడకబెట్టిన పందిమాంసం కూడా ఉందన్నాడు. అంత మాంసం ముగ్గురికి పెట్టరు కాబట్టి చాంగ్‌హ్యో తల్లికి కూడా అన్నాడు. ఒకసారి మొదలెట్టిన నిరూపణని మధ్యలో ఆపే అలవాటు అతనికి లేదు. సాంగ్‌బే నోరు తెరిచేలోగా, ఇక తమకి కింబాప్ ఎందుకంటూ ఆ అట్టపెట్టెని పడవవాళ్ళకి ఇచ్చేశాడు. వాళ్ళు అక్కడికక్కడే తినేశారు.

ఇక చాంగ్‌హ్యో ఫోను తీసి తల్లికి చెప్పాడు. నత్తల గంజి కాచే పని పెట్టుకోవద్దు, ఇన్‌సుక్ కిమ్చీ, మాంసం పంపింది, అన్నం ఒక్కటి వండితే చాలని. ఇన్‌సుక్ కిమ్చీ అంటే ఆ దీవిలో పేరుంది. ఏటా చాంగ్‌హ్యో ఒక డబ్బా తల్లికి పట్టుకెళ్తాడు. ఆవిడ ఫోను పెట్టేసి పెద్ద గిన్నె పొయ్యి మీదకి ఎక్కించింది. ఇరుగుపొరుగుని కేకేసింది.

పడవలోకి ఎక్కుతుంటే చాంగ్‌హ్యో సంచి పట్టీ మీద చెయ్యి వేశాడు.

"ఇలా ఇవ్వు. నీకు మోకాలు నొప్పి కదా."

"వద్దులే."

"ఇవ్వరా. మా ఊరొచ్చి బరువు మోస్తావా?"

ఇద్దరూ చెరో వైపు లాగారు. వెనక జనం ఆగిపోయారు. చివరికి సాంగ్‌బే వదిలేశాడు. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత అదే రాయిని అదే మనిషి అదే భుజాన వేసుకుని ముందు నడుస్తుంటే, సాంగ్‌బే ఖాళీ చేతులతో వెనక నడిచాడు. పదిహేను నిమిషాల ప్రయాణంలో అతను ఒక్కసారి కూడా సముద్రాన్ని చూడలేదు.

బియాంగ్‌దోలో దిగాక కొండ ఎక్కాలన్న ఆలోచన మొదట పోయింది. వేడిన్నం చల్లారిపోతుందని దొక్‌గిల్ నేరుగా ఒడ్డుకి దారి తీశాడు. నెగడు దగ్గరికి వచ్చారు. లోపల చాప పరిచి ఉంది. నడుమ అన్నం గిన్నె, దాని మీద తువ్వాలు. గోడ పొడుగునా తొమ్మిదిమంది ఆడవాళ్ళు వీపులు ఆనించి, ఎవరి గిన్నె, అన్నం తినే పుల్లలు వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. అందరిలోకీ పెద్దది చాంగ్‌హ్యో తల్లి. ఎనభై ఎనిమిదేళ్ళు. ముఖం ఎండిన నారింజ తొక్కలా ఉంది. కళ్ళు మాత్రం నీళ్ళలో నాణెం పడ్డా కనిపెట్టేలా ఉన్నాయి.

"ఇన్నేళ్ళకి దారి తెలిసిందా?" అంది ఆవిడ సాంగ్‌బేని చూసి. అతను వంగి దండం పెట్టాడు. నడుము ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

వీపుల వెనక ఖాళీ ఎక్కడుందో కనిపించడం లేదు. చాప మధ్య మాంసం గిన్నెకి చోటు వదిలిపెట్టి ఉంది. అందరి చూపూ సంచి మీదే. సంచి అడుగున కిమ్చీ నీళ్ళు కారుతున్నట్టుంది, కడిగి తెస్తానని చెప్పి, సాంగ్‌బే దాన్ని చాంగ్‌హ్యో భుజం మీంచి లాక్కుని గోడ వెనక్కి వెళ్ళాడు. కారితే కారనీ అని దొక్‌గిల్ వెనకనుంచి అంటూనే ఉన్నాడు.

ఒడ్డంతా నల్ల రాళ్ళు. ఎక్కడ పెట్టినా కలిసిపోవాలి. సాంగ్‌బే మొదట రెండు బండల మధ్య పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. ఎవరో తెచ్చి పెట్టినట్టుంది. తీశాడు. గడ్డి పక్కన పెట్టాడు. ఒక్కటే పడి ఉన్నట్టు జాలిగా ఉంది. తీశాడు. నీళ్ళ అంచున తిరగేసి పెట్టాడు. కిమ్చీ వాసనకి ఒక పీత వచ్చింది. మళ్ళీ తీసి రెండు చేతులతో పట్టుకుని లేచేసరికి పైన దారిలో ఆకుపచ్చ కోటు వేసుకున్న ఒకావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. దీవి కాపలా చూసే ఆవిడ, పేరు కో. దీవి రాయి ఒక్కటి కూడా బయటికి పోకూడదన్నది నియమం. కో ఉండగా పోదన్నది దీవిలో వాళ్ళ మాట.

"మూడు చూశారు. నచ్చింది దొరికిందా?"

"మూడు కాదమ్మా, ఒకటే. నేను తీయడం లేదు, పెడుతున్నాను."

"నన్ను చూశాక అందరూ పెట్టేవాళ్ళే."

"ఇంటి దగ్గర్నుంచి తెచ్చాను."

కో పుస్తకం తీసింది. "హల్లిమ్ నుంచి బియాంగ్‌దోకి రాయి తెచ్చారు."

"అవును."

"పడవలో."

"అవునమ్మా."

ఆవిడ రాసుకుంటూనే దగ్గరికొచ్చి వాసన చూసింది. ఆవిడకి కొంచెం అనుమానం పట్టుకుంది. కిమ్చీ జాడీలో ఉన్న రాయేనని సాంగ్‌బే ఒప్పుకున్నాడు. మరి ఈ దీవి రాయి మీ జాడీలోకి ఎలా వచ్చిందని అడిగింది.

చవకగా తేలిపోవడానికి అదే ఆఖరి అవకాశం. వినేది ఒక్క మనిషి, అదీ ముక్కూ ముఖం తెలియని మనిషి. చెప్పేసి ఉంటే బాగుండేది. సాంగ్‌బే తెలియదన్నాడు.

కో పుస్తకం మూసి, రాయిని సంచిలో వేసి, సంచి తన చేతిలోకి తీసుకుంది. మీతో ఎవరొచ్చారో చూపించమంది.

నెగడు దగ్గర ఈలోగా దొక్‌గిల్ మాంసం గురించి చెప్పడం పూర్తిచేశాడు. అల్లం వేసి ఉడకబెట్టడం ఒక పద్ధతి, పులియబెట్టిన సోయా ముద్ద వేసి ఉడకబెట్టడం ఒక పద్ధతి, ఇన్‌సుక్‌ది రెండోది. సంచితో కో కనిపించగానే, ఈవిడ కూడా తింటుంది, ఇంకో గిన్నె చూడండన్నాడు. ఒకామె తువ్వాలు తీసింది. అన్నం పొగలు కక్కుతోంది. కో వంగి, సంచిలోంచి రాయిని తీసి, చాప మధ్య మాంసానికి వదిలిన చోట పెట్టింది.

ఒకామె పుల్లతో దాన్ని మెల్లిగా పొడిచి చూసింది.

"మాంసం అడుగున ఉంటుంది," అన్నాడు దొక్‌గిల్. సంచి తిరగేసి దులిపాడు. తర్వాత సముద్రం వైపు, తన ఆరు కింబాప్‌లు వెళ్ళిపోయిన వైపు చూశాడు.

కో తను చూసింది చూసినట్టు చెప్పింది. ఈయన ఒడ్డున రాళ్ళు ఏరుతూ దొరికాడు. తీయలేదు, పెట్టానంటున్నాడు. ఎక్కడిదంటే తెలియదంటున్నాడు. పేరూ, ఊరూ కావాలి. కేసవుతుంది.

చాంగ్‌హ్యో లేచి నిలబడ్డాడు. రాయి వైపు ఒక్కసారి చూశాడు. ఇక కో వైపే చూస్తూ మాట్లాడాడు.

"నేనే తెమ్మన్నానమ్మా. మా అమ్మకి చూపిద్దామని. వాడికి ఇక్కడి నియమం తెలీదు. రాసుకునేదేదో నా పేరు రాసుకో."

అదే రాయి. అదే గోడ. వింటున్న ఆడవాళ్ళలో ఇద్దరు అప్పటివాళ్ళే. మళ్ళీ అదే పేరు పుస్తకంలోకి వెళ్ళబోతోంది. ఒకసారి అయితే భయం అనుకోవచ్చు. రెండోసారి కూడా ఊరుకుంటే దానికి ఇంకేదో పేరుంటుంది.

"వాడి పేరు రాయకండి," అన్నాడు. "రాయి తీసింది నేనే. ఇవాళ కాదు. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట, ఈ గోడలోంచి. ఆ రోజు సంచి మోసింది వీడు. లోపల ఏముందో వీడికి తెలీదు. నేను చెప్పలేదు. ఊరంతా వీణ్ణి అన్నప్పుడూ చెప్పలేదు. ఈ అమ్మ చలిగాలిలో కూర్చుందని తెలిసి కూడా చెప్పలేదు."

చాప మీద మోకాళ్ళూని, నుదురు నేలకి ఆనించి చాంగ్‌హ్యో తల్లికి మొక్కాడు. మోకాలు నిజంగానే నొప్పి పుట్టింది. అంతకాలం అబద్ధంగా చెప్పిన నొప్పి ఆ రోజుకి నిజమైంది.

ఆవిడ రాయిని ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలు గుంటలో తిప్పింది. ఒకప్పుడు నీళ్ళలోకి దిగేముందు కళ్ళద్దాలు తుడుచుకునే మాచిపత్రి ఆకులు ఆ గుంటలో పెట్టుకునేది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మీ ఆవిడ వెల్లుల్లి ఎక్కువ వేస్తుంది," అంది.

సాంగ్‌బే తల ఎత్తి చాంగ్‌హ్యోని చూశాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. అది సాంగ్‌బేకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"నీ పెళ్ళయిన నెల. భోజనానికి పిలిచావు. నువ్వే జాడీ మూత తీసి, గర్వంగా చూపించావు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావనుకున్నాను." కొంచెం ఆగాడు. "ప్రతి ఏడూ అనుకునేవాణ్ణి. కిమ్చీ కూడా బాగుండేది."

నలభైకి ఒకటి తక్కువ సంవత్సరాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇద్దరూ ఆ రాయి కిందున్న కిమ్చీ తిన్నారు. ఒకడు తెలిసిపోతుందేమోనని తిన్నాడు, ఇంకొకడు తెలుసని తిన్నాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ అరగలేదో చెప్పడం కష్టం.

ఇక రాయిని దాని చోట పెట్టేయాలని సాంగ్‌బే లేచాడు. ఆడవాళ్ళు జరిగారు. గోడంతా చూశాడు. ఖాళీ లేదు. అది ఉండాల్సిన చోట ఒక పెద్ద రాయి, మిగతావాటికన్నా కొంచెం ఎర్రగా, నిండుగా కూర్చుని ఉంది. సాంగ్‌బే దాన్ని తడిమాడు. ఒక మూల సున్నంతో వేసిన గుర్తు వెలిసిపోయి కనిపించింది. పొలం గోడ హద్దు రాయికి వేసే గుర్తు. ఆ గుర్తు అతనికి చిన్నప్పట్నించీ తెలుసు. తన తండ్రి వేసేవాడు.

వెనకనుంచి చాంగ్‌హ్యో గొంతు సవరించుకున్నాడు.

"దాని గురించే ఇవాళ రమ్మన్నాను. సోమవారం సిమెంటు పడితే ఇక చెప్పలేనని."

ఆ ఏడాది చలికాలం చివర్లో, అమ్మ గాలికి కూర్చోవడం చూడలేక, చాంగ్‌హ్యో ఖాళీ పూడ్చడానికి ఒక రాయి వెతికాడు. అప్పటికి జాడీ చూసి వచ్చాడు, కడుపు మండుతోంది. నేరుగా సాంగ్‌బే తండ్రి పొలానికి వెళ్ళి, గోడ పై వరసలోంచి ఒక రాయి లాగి తెచ్చాడు. అంతవరకే అనుకున్నాడు. కానీ ఆ సందులోంచి పక్క పొలం ఆసామి మున్ గుర్రం లోపలికి దూకింది. పచ్చి బార్లీ పైరు సగం మేసింది. మున్ కావాలనే రాయి తీసి గుర్రాన్ని తోలాడని సాంగ్‌బే తండ్రి అన్నాడు. తన గుర్రాన్ని దొంగని చేసే గోడ నీదని మున్ అన్నాడు. పదకొండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

"మా నాన్న మున్ చావుకి కూడా వెళ్ళలేదురా," అన్నాడు సాంగ్‌బే.

"తెలుసు. నేను వెళ్ళాను."

దొక్‌గిల్ అప్పటికి ఒక గిన్నెడు ఉత్తన్నం తిన్నాడు. గోడలో రాయి పోతే గుర్రం వస్తుందని బళ్ళో పిల్లలకి కూడా తెలుసని, అప్పుడు తన దగ్గరికి వచ్చి ఉంటే ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగేవాడినని అన్నాడు. ఎవరూ వినలేదు. సాంగ్‌బే, చాంగ్‌హ్యో గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. తిట్టుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

అప్పుడు చాంగ్‌హ్యో తల్లి పుల్లలు కింద పెట్టింది.

"ఆ రాయి పెట్టింది నువ్వా?" అంది కొడుకుని.

"నేనేనమ్మా. నీ వీపుకి గాలి కొడుతోందని."

"వీపుకి ఎప్పుడు కొట్టింది? అందరూ ఉన్నప్పుడే మంట వైపు తిరిగేదాన్ని. వాళ్ళు వెళ్ళాక సందు వైపు తిరిగి కూర్చునేదాన్ని. ఆ సందులోంచి హల్లిమ్ రేవు కనిపించేది. నువ్వు అక్కడ పనిలో చేరావు. పడవ బయల్దేరితే ఇక్కడికి తెలిసేది. ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే ఎవడో నా కిటికీ మూసేశాడు."

చాంగ్‌హ్యో ఎర్ర రాయి మీద చెయ్యి వేశాడు.

"నాకోసం ఒకడు మొక్కాడు, ఒకడు దొంగతనం చేశాడు," అందావిడ. "ఇంత జరిగింది కదా, నీకేం కావాలని నన్నెవరైనా అడిగారా?"

ఆవిడ అందరి వైపూ చూసి, ఎర్ర రాయి తీయమంది. సోమవారం వచ్చే మేస్త్రీకి ఆ సందు మాత్రం వదిలేయమని చెప్పమంది. గుంట రాయిని తను కూర్చునే చోట పక్కన పెట్టించుకుంది. గట్టు మీద మాచిపత్రి రెమ్మ తుంచి అందులో వేసింది. సాంగ్‌బే, చాంగ్‌హ్యో కలిసి ఎర్ర రాయి లాగారు. గోడలోంచి గాలి లోపలికొచ్చింది. దాని వెనకే ఎండలో మెరుస్తున్న రేవు కనిపించింది.

ఆవిడ ఎనభై ఎనిమిదేళ్ళ కళ్ళు చికిలించి కాసేపు చూసింది. ఇప్పుడు అక్కడ ఎవరూ కనిపించరు. చూడాల్సినవాడు వెనకే నిలబడి ఉన్నాడు. అయినా చూసింది.

కో పుస్తకంలో ఈ వ్యవహారానికి గడి లేదు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ఇక్కడి రాయి తిరిగొచ్చింది కాబట్టి దాని మీద కేసు లేదంది. బయటి రాయి మాత్రం ఈ దీవి మీద ఉండడానికి వీల్లేదు, తెచ్చిన దారినే తీసుకుపొమ్మంది. పడవవాళ్ళు ఆపకుండా చీటీ రాసిచ్చింది. అందరూ ఇళ్ళకెళ్ళి ఊరగాయలూ, ఎండుచేపలూ తెచ్చుకున్నారు. కో కూడా కూర్చుంది. దొక్‌గిల్ రెండో గిన్నె పెట్టించుకున్నాడు.

నాలుగు గంటల పడవ కోసం రేవులో నిలబడ్డప్పుడు సాంగ్‌బే ఫోను మోగింది.

"ఏమయ్యా," అంది ఇన్‌సుక్. "జాడీలో నీళ్ళ సీసాలు తేలుతున్నాయేంటి? నా రాయేదీ?"

పక్కనే ఉన్న దొక్‌గిల్, ఉప్పునీళ్ళలో మంచినీళ్ళు తేలతాయి, అది ఆరో తరగతి పాఠం అన్నాడు.

"బియాంగ్‌దోలో ఉంది," అన్నాడు సాంగ్‌బే.

"అక్కడేం పని దానికి?"

"దాని ఇల్లు అక్కడే."

ఇంటికొచ్చి అంతా చెప్తానన్నాడు. వేరే రాయి తెస్తున్నానని, అది తన నాన్నదని కూడా చెప్పాడు. రేపు పొద్దున మున్ కొడుకు ఇంటికి వెళ్ళాలనుకున్నాడు, చాంగ్‌హ్యోని తోడు తీసుకుని. ఏం చెప్పాలో తెలియదు. రాయి చూపించాలేమో.

పడవ ఎక్కేటప్పుడు చాంగ్‌హ్యో మళ్ళీ సంచి పట్టీ మీద చెయ్యి వేశాడు. ఈసారి సాంగ్‌బే వదల్లేదు. అతనూ వదల్లేదు. తొమ్మిది కిలోల రాయిని ఇద్దరూ చెరో పట్టీ పట్టుకుని మోశారు. కింబాప్ ఎలా ఉందని దొక్‌గిల్ పడవవాళ్ళని అడిగాడు. బాగుందన్నారు.

ఇంటికొచ్చేసరికి ఇన్‌సుక్ జాడీ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. సాంగ్‌బే నిలబడే మొదట్నించీ చివరిదాకా చెప్పాడు. ఆవిడ మధ్యలో మాట్లాడలేదు. మామగారి మాట దగ్గర మాత్రం, మా నాన్న రాయిని చూసినంత బాగా అల్లుణ్ణి చూడలేదంది. చివరికి అతను సంచి విప్పి, తండ్రి రాయిని సబ్బుతో కడిగి, రెండు చేతులతో ఎత్తి జాడీ మీదకి తెచ్చాడు.

మూతి దగ్గర ఆగిపోయింది. నిలువుగా పెట్టాడు. అడ్డంగా పెట్టాడు. పట్టలేదు.

ఇన్‌సుక్ లేచి, స్టూలు అతని వైపు జరిపింది.

"చెయ్యి కడుక్కుని నొక్కి పట్టుకో."

సాంగ్‌బే కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, జాడీలో మోచేతి దాకా పెట్టాడు. జాడీలో పట్టే బరువు కొనడానికి హల్లిమ్ సంతకి ఇంకా మూడు రోజులుంది.